కమండలువు చాలని చేప

2022వ సంవత్సరము వానకాలమున ఎనిమిదవ తరగతి బాలబాలికలకు మేము మత్స్యావతార కథ చెప్పుచుంటిమి. ద్రవిడ దేశమునేలిన సత్యవ్రతుడను రాజు కృతమాలా నదిలో తర్పణము విడుచుచుండగా ఆయన దోసిటిలోనికి ఒక చిన్నచేప వచ్చినది. దానిని మరల నీట విడువబోగా, పెద్దచేపలు చిన్నచేపలను మ్రింగునని, తన్ను కాపాడుమని అది వేడుకొన్నది. రాజు దానిని కమండలువులో ఉంచెను. తెల్లవారునప్పటికి కమండలువు చాలలేదు. నీటి తొట్టిలో ఉంచెను, తొట్టియు చాలలేదు. సరస్సున విడిచెను, సరస్సును చాలలేదు. తుదకు సముద్రమునకే కొనిపోవలసి వచ్చినది. కథ ఇంతవరకు సాగునప్పటికి గంట కొట్టిరి.

మరునాడు మేము తరగతిలో అడుగిడగానే ఒక బాలుడు మా బల్లమీద స్టీలు టిఫిను డబ్బా ఒకటి పెట్టినాడు. మూత తీసి చూడగా నీటిలో రెండు చేపపిల్లలు! రెండంగుళములకు మించిన పొడవు లేదు. తాతగారి తోట ప్రక్కనున్న కుంటలో తువాలు వేసి పట్టితెచ్చినాడట. “ఇవీ పెరుగుతాయి సార్, చూస్తా ఉండండి. ఒకటి మీది, ఒకటి నాది” అని చెప్పి తన చోటికి పోయి కూర్చుండినాడు. తరగతి యంతయు నవ్వినది. మేమును నవ్వితిమి. ఆ నవ్వులో, “నాయనా, వీనిని తెచ్చినచోటనే విడిచి రమ్ము” అని చెప్పవలసిన మాట మరచితిమి. ఈ వ్యాసమంతయు ఆ మరచిన మాటకు మేము చెల్లించిన మూల్యమును గూర్చియే.

అవి కొర్రమీను పిల్లలు. మన చుట్టునున్న తమిళులు దీనిని విరాల్ అందురు. మహారాష్ట్రులు మరళ్ అందురు. వంగదేశీయులు శోల్ అందురు. తెలంగాణ రాష్ట్రము దీనిని తన రాష్ట్ర మత్స్యముగా గౌరవించుచున్నది. హైదరాబాదున మృగశిర కార్తె నాడు ఉబ్బసపు రోగులచేత మందుతో కూడ మ్రింగించు చిన్నచేపయు ఇదియే. తలమీది పొలుసులు పాము తలను తలపించుటచే ఆంగ్లేయులు దీని జాతికంతకు పాముతల చేపలని పేరిడిరి. ఇదంతయు మేము పిదప తెలిసికొన్నది. ఆనాడు చేపలను గూర్చి మాకు తెలిసినదెల్ల మీనాక్షి, మీనలోచన యను సమాసములే.

సాయంకాలము అంగడికి పోయి గాజుతొట్టి ఒకటి కొంటిమి. పొడవు రెండడుగులు, వెడల్పు ఒక అడుగు, ఎత్తు ఒక అడుగు. అనగా రెండు ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగున సుమారు 28 లీటర్ల నీరు పట్టును గనుక మొత్తము 56 లీటర్లు. రెండంగుళముల చేపలకు అది మహాసముద్రమని అంగడివాడు చెప్పినాడు. మేమును నమ్మితిమి. ఇంటికి వచ్చి ఆహారముగా బొరుగులు చల్లితిమి. మూడు దినములు వానిని చూచుటయే మాకు పని. మా ఇల్లాలు పొయ్యిమీది పాలు పొంగిపోవువరకు తొట్టి ముందు నిలిచిన దినమును కలదు.

నాలుగవనాటి ఉదయమున తొట్టిలో ఒక చేపయే కనబడినది. దాని కడుపు ఉబ్బియున్నది. రెండవదానికై తొట్టి అంతయు వెదకితిమి, నేల వెదకితిమి, పిమ్మట ఊహించితిమి. కొర్రమీను పుట్టుకతోనే వేటాడు జాతి. బొరుగులు దానికి ఆహారము కాదు. పురుగులు, తోకకప్పలు, చిన్నచేపలు దాని తిండి. ఆకలిగొన్నప్పుడు, ఒకటి పెద్దదియు ఒకటి చిన్నదియు అయినప్పుడు, తోడబుట్టినదానినైనను విడువదు. వీనిని పెంచు రైతులు పిల్లలను పరిమాణమునుబట్టి వేరుచేసి వేర్వేరు తొట్లలో పెంచుట ఇందుచేతనే. తప్పు చేపది కాదు. దానిని ఆకలితో ఉంచిన మాది.

ఈ వార్త ఆ బాలునకు ఎట్లు చెప్పుదుమా అని బడికి పోవునంతసేపును తలపోసితిమి. విని కొంతసేపు ఊరకుండి, “మిగిలింది మీదే సార్. నాది చిన్నది” అన్నాడు. ఇరువది యేండ్లుగా నీతిపద్యములు బోధించుచున్న మాకు ఆ మాటకు బదులు తోచలేదు. కొంతసేపటికి, “కాదు నాయనా, మిగిలినది మనయిద్దరిది” అంటిమి. నాటినుండి ప్రతి శనివారము వాడు మాయింటికి వచ్చుట అలవాటైనది. నిలువనీటి గుంటలలోని దోమపిల్లలను వడగట్టి తెచ్చుట, వానపాములను త్రవ్వి తెచ్చుట వాని పనులు. తొట్టి కడుగుట మా పని.

చేప ఎదిగినకొలది అందము హెచ్చినది. వీపున ఆకుపచ్చ కలసిన నలుపు, ప్రక్కల వంకర చారలు, కడుపున తెలుపు. వేటకు ముందు అది కదలకయే కదలును. వీపుమీది పొడవైన రెక్క గాలికి ఊగు వరిచేను వలె అల్లలాడును. దేహము మాత్రము కట్టెవలె నిలిచియుండును. రెప్పపాటులో వేట ముగియును. మేము గది దాటుచున్నపుడు మా వెంట తొట్టి ఈ చివరనుండి ఆ చివరకు నడచివచ్చెడిది. మనుష్యుని గుర్తించు చేప కలదని మేమంతకుముందు ఎరుగము.

2023వ సంవత్సరము వేసవిలో ఒక తెల్లవారుజామున తొట్టి శూన్యముగా నుండెను. వాకిటి చెప్పుల బల్ల క్రింద దుమ్ము అంటుకొని చేప పడియున్నది. చచ్చినదని చేటలోనికి ఎత్తబోగా తోక కొట్టినది. తడిగుడ్డలో చుట్టి నీట విడిచితిమి, గడియలో తేరుకొన్నది. ఒడలు తడిగా నున్నంతవరకు కొర్రమీను గట్టుమీద చాలసేపు బ్రదుకగలదు. కుంట ఎండినప్పుడు బురదలో దాగి వానలకై వేచియుండగలదు. ఇది మరల దుముకకుండుటకై మేము గొప్ప ఉపాయము చేసితిమి. తొట్టిని అంచువరకు నీటితో నింపి, పైన గాజుపలకను సందులేకుండ మూసితిమి.

ఆ శనివారము వచ్చిన బాలుడు తొట్టిని చూచి పుస్తకముల సంచియైనను దింపక పరుగెత్తి ఆ పలక తీసివేసినాడు. “దీనికి గాలి కావాల సార్. లేకుంటే మునిగి చచ్చిపోతాది. మా తాత చెప్పినాడు” అన్నాడు. నీటిలో పుట్టిన చేప నీటిలో మునిగి చచ్చునా అని మీరు నవ్వుదురు. చచ్చును. కొర్రమీనునకు మొప్పలకు పైన, తలలో, గాలిని పీల్చు గది ఒకటి కలదు. మొప్పలు మాత్రమే దానికి చాలవు. కొంతకొంత సేపటికి పైకి వచ్చి గాలి మ్రింగితీరవలెను. ఆ దారి మూసినచో నీటనుండియే ఊపిరాడక చచ్చును. అక్షరము తెలియని ఆ తాతకు తెలిసినది, రెండు భాషలలో పట్టములు పొందిన మాకు తెలియలేదు. నాటినుండి నీటికిని మూతకును నడుమ జానెడు చోటు విడిచి, మూతకు చిల్లులుగల రేకు వేయించితిమి.

ఇక పెరుగుదల సంగతి. పిల్లలారా, ఒక లెక్క చేయుడు. రెండంగుళముల చేప పదునారంగుళములైనచో పొడవున ఎనిమిది రెట్లు పెరిగినది. వెడల్పునను మందమునను అట్లే పెరుగును గనుక దాని బరువు ఎనిమిది మార్లు ఎనిమిది, మరల ఎనిమిది మార్లు. అనగా 512 రెట్లగును. కంటికి కనబడునది ఎనిమిది. తినునదియు విసర్జించునదియు ఆ 512ను బట్టి. ఈ లెక్క తెలియనివారే చిన్నచేపను చూచి చిన్నతొట్టి కొందురు. మేమును ఆ కోవలోనివారమే. ఏడాది తిరుగకుండ నాలుగడుగుల పొడవును, అడుగున్నర వెడల్పును, అడుగున్నర ఎత్తును గల తొట్టి కొనవలసి వచ్చినది. అది తొమ్మిది ఘనపుటడుగులు; 255 లీటర్లు. నీటి బరువే 255 కిలోలు. బల్ల కాళ్ళు వంగినవి. ఇంటి యజమాని మెట్లెక్కి వచ్చి నేల పగులునేమో యని తట్టి చూచిపోయినాడు.

2024వ సంవత్సరము పరీక్షల కాలమున దిద్దుడు పనిలో మునిగి మేము రెండు వారములు నీరు మార్చలేదు. తీరిక దొరకిన దినమున ఫిల్టరులోని స్పాంజిని కొళాయి క్రింద తెల్లబడువరకు ఉతికితిమి. శుభ్రము చేసితిమని సంతసించితిమి. మూడవనాటికి చేప అడుగున పడి తిండి ముట్టలేదు, మొప్పలు ఎర్రబారినవి, ఒడలిమీద జిగురు పేరుకొన్నది. కారణము అంగడివారినడిగి, పుస్తకములు చదివి తెలిసికొంటిమి. చేప విసర్జనములనుండియు, మిగిలిన తిండి క్రుళ్ళుటవలనను అమ్మోనియా పుట్టును. కంటికి కనబడని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. మొదటి రెండును చేపకు విషములు. మూడవది మిక్కిలి హెచ్చినగాని అంత కీడు చేయదు. ఆ సూక్ష్మజీవులు స్పాంజిలోను గులకరాళ్ళలోను నెలకొనుటకు వారములు పట్టును. కొళాయి నీటిలోని క్లోరినుతో వానినన్నిటిని మేము ఒక్క గడియలో చంపితిమి. గాలి పీల్చు చేపకు ప్రాణవాయువు కొరతను తట్టుకొను శక్తి కలదుగాని విషము హెచ్చినచో దానికిని కీడే. పదిదినములు దినమునకు నాలుగవవంతు చొప్పున, బకెట్లలో ఒకరోజు ఉంచి తేర్చిన నీటితో మార్చుచు వచ్చితిమి. బాలుడు పరీక్షలు ముగిసిన సెలవులలో ప్రతిదినము వచ్చి బకెట్లు మోసినాడు. పదునొకండవనాడు చేప ఒక వానపామును అందుకొన్నది.

చల్లదనమును గూర్చి ఒక మాట. మన హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తుననున్నది గనుక పుష్యమాసమున తొట్టినీరు బాగుగా చల్లబడును. చేప ఒడలు నీటి చలినిబట్టి చల్లబడును, ఆకలియు తగ్గును. మొదటి చలికాలమున మేము ఎప్పటివలె తిండి వేయగా అది తినక నీరు చెడినది. రెండవయేట వారమునకు రెండుమార్లు మాత్రమే వేసితిమి. శీతల దేశములలోని పైక్ అను వేటచేపకు గాలి పీల్చు గది లేదు. నీటిలో కరగిన ప్రాణవాయువే దానికి ఆధారము. 0 డిగ్రీల నీటిలో లీటరునకు సుమారు 14.6 మిల్లీగ్రాములు ప్రాణవాయువు కరగియుండగలదు; 30 డిగ్రీల నీటిలో 7.5 మాత్రమే. కావున అట్టి చేపను ఉష్ణదేశపు ఇంటిలో ఉంచదలచుట మనకు వేడుక, దానికి ఉరి. కొర్రమీను జ్ఞాతి యొకటి చైనా, కొరియా, రష్యా దేశములలో కలదు. అది మంచుగడ్డ క్రిందనున్న నీటిలో చలికాలము గడపగలదు.

ఆ జ్ఞాతి కథ చెప్పక తప్పదు. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రమున క్రాఫ్టన్ అను ఊరిలో ఒకడు జబ్బుగానున్న తన చెల్లెలికి పులుసు చేసిపెట్టుటకై న్యూయార్కు సంతనుండి ఈ చేపలు రెండింటిని ప్రాణముతో తెప్పించినాడు. అవి వచ్చునప్పటికి ఆమెకు నెమ్మదించినది. చంపుటకు మనసురాక వానిని గాజుతొట్టిలో పెంచినాడు. పెరిగి, పెరిగి, తిండి పెట్టజాలనంత కాగా వెనుకనున్న చెరువులో విడిచినాడు. చూడుడు, ఇందులో ఎక్కడను క్రూరత్వము లేదు. చెల్లెలిమీద ప్రేమ కలదు, చేపమీద దయ కలదు. కాని 2002వ సంవత్సరమున ఆ చెరువులో ఈ చేపలు పిల్లలుపెట్టి వందలుగా పెరిగినవని బయటపడినది. ఆ దేశమునకు చెందని చేప, అక్కడి చేపలను తినివేయునను భయముచే అధికారులు విషము కలిపి చెరువులోని చేపలనన్నిటిని చంపవలసి వచ్చినది. ఆ యేడే ప్రాణముతోనున్న పాముతల చేపలను దేశములోనికి తెచ్చుటను నిషేధించిరి. ఐనను 2004వ సంవత్సరమున పొటోమాక్ నదిలో కనబడినవి. నేటికిని అక్కడ వంశాభివృద్ధి చేయుచునేయున్నవి. ఇది పరదేశపు మాటయే కాదు. 2023వ సంవత్సరమున శ్రీనగరములోని దాల్ సరస్సులో మొసలిమూతిగల ఎలిగేటర్ గార్ అను అమెరికా వేటచేప దొరకినది. అది ఈదుకొనుచు కాశ్మీరమునకు వచ్చియుండదు గదా!

2024వ సంవత్సరము వానకాలమునకు మా చేప పదునెనిమిదంగుళములైనది. అడుగున్నర వెడల్పుగల తొట్టిలో అది తిన్నగా తిరుగలేదు. తోక వంచి తిరుగవలసి వచ్చెడిది. ముక్కు గాజునకు కొట్టుకొని మచ్చపడినది. ఎదురింటి పెద్దమనిషి చూచి, “పులుసుకు ఇదే వయసు సార్” అన్నాడు. ఆయన మాటలో తప్పులేదు. కొర్రమీను తినుటకు మేలైన చేపయే. కాని మా ఇల్లాలు, “ఎదురువచ్చి పలుకరించునది ఈ ఇంట పొయ్యి ఎక్కదు” అని తేల్చివేసినది. తక్కిన దారి ఒకటే యనిపించి, ఒక ఆదివారము మేమును బాలుడును కలసి ఆ కుంట చూడబోయితిమి.

కుంట గట్టున తాత మమ్ము నిలిపి, మాటాడక వ్రేలు చూపినాడు. రెల్లు ప్రక్కన నీటిమీద ఒక ఎర్రని మచ్చ కదలుచున్నది, కుంకుమ చల్లినట్లున్నది. చూడగా అది వందలకొలది చేపపిల్లల గుంపు. క్రింద నల్లని నీడలు రెండు. తల్లియు తండ్రియు కాపు కాయుచున్నవి. ఒక కప్ప దరికి రాగానే ఒక నీడ బాణమువలె వచ్చినది. కప్ప మరల కనబడలేదు. కొర్రమీను గ్రుడ్లు నీటిపై తేలును. అవి పొదిగినది మొదలు పిల్లలు స్వయముగా తిరుగువరకు తలిదండ్రులు ఇట్లే వెంటనుండును. “పిల్లల గుంపు జోలికి పోకూడదని మా నాయన చెప్పేవాడు అయ్యోరూ” అన్నాడు తాత. బాలుడు తల వంచుకొన్నాడు. మేమును వంచుకొంటిమి. ఆ తువాలు ఎవరి కాపుదలలోనుండి ఆ రెండు పిల్లలను తెచ్చినదో రెండేండ్లకు మాకు తెలిసినది.

“ఇక్కడే వదిలేద్దామా సార్?” అని బాలుడడిగినాడు. అక్కడనుండి తెచ్చినదే గదా యని మాకును తోచినది. తాత ఒప్పుకొనలేదు. ఆ కుంటలో ఆయన కట్ల, రోహు పిల్లలను విడిచియున్నాడు. వానికి ఇది యముడగును. మేము తలపోయగా మరి రెండు చిక్కులు కనబడినవి. అంగడినుండి తెచ్చిన చేపలను తిని పెరిగినదానివెంట ఏ తెగులు కుంటలోనికి పోవునో చెప్పలేము. మనుష్యుని నీడ చూచి పారిపోవలసిన జంతువు మనుష్యుని చేతికి ఎదురువచ్చుట నేర్చినది. మొదటి గాలమునకే చిక్కును. సత్యవ్రతుడు సముద్రమున విడువబోగా, ఇందలి మకరములు నన్ను మ్రింగును, విడువకుమని చేప పలికినదట. మా చేప పలుకలేదు. మేమే వినవలసి వచ్చినది.

“పెంచినోళ్ళే చూసుకోవాల” అన్నాడు తాత. అని, తన మాటకు తానే కట్టుబడి, తోటలో వాడకయున్న సిమెంటు తొట్టి చూపినాడు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. డెబ్బదిరెండు ఘనపుటడుగులు, సుమారు 2,000 లీటర్లు. పగుళ్ళు పూడ్చి, చాలదినములు నీరు నింపి పారబోసి, పైన వల బిగించి, సగమునకు కొబ్బరిమట్టల నీడ కల్పించితిమి. మార్చిన నీరు కుంటలోనికి పోకుండ అరటిచెట్లకు కాలువ తీసితిమి. నేడు చేప అక్కడనున్నది. ఆ బాలుడు 2025వ సంవత్సరమున పదవ తరగతి ముగించి పైచదువునకు పోయినాడు. ఐనను ఆదివారమున తోటకు వచ్చి తిండి వేయుచున్నాడు. కడపట కొలచినపుడు ఇరువదిరెండంగుళములు. ఇది తోడ్తో మూడడుగుల వరకును పెరుగగల జాతి. మా సేవ ఇంకను ముగియలేదు.

తలిదండ్రులకు ఒక విన్నపము. పిల్లలు చేపలను కోరినచో కాదనవలదు. చేపను చూచుట గొప్ప చదువు. కాని కొనుటకు ముందు అది ఎంత చిన్నదో అడుగక, ఎంత పెద్దది కాగలదో అడుగుడు. ఏమి తినును, ఎన్నేండ్లు బ్రదుకును, సెలవులలో ఎవరు చూతురు అని అడుగుడు. పెంచజాలక పోయినచో, తెచ్చినవారికి తిరిగి ఇండు. చెరువునకు మాత్రము ఈయకుడు.

పిల్లలారా, మత్స్యావతార కథలో వింత యంతయు చేప పెరుగుటలో నున్నదని మీ అన్నలకు చెప్పియుంటిమి. ఇప్పుడట్లు చెప్పుట మానితిమి. చేప పెరుగుట సహజమే. ప్రతి ఉదయమును విసుగక లేచి, దానికి తగిన పెద్దపాత్ర కొరకు వెదకిన రాజును చూడుడని చెప్పుచున్నాము.